సమాచారపేటికలో పర్వనిరూపణము: ఒక విమర్శ

విజ్ఞానసర్వస్వములోని వ్యాసమునకు ప్రక్కన, ఆ విషయమునకు సంబంధించిన ముఖ్యాంశములను గడులుగా విభజించి చూపునట్టి పట్టికకు నేడు సమాచారపేటిక యని వ్యవహారము. వికీపీడియాలోని అసంఖ్యాక వ్యాసములకు శిరోభాగమున నిట్టి పేటికలు గలవు. వ్యక్తికి, ఊరికి, గ్రంథమునకు, చలనచిత్రమునకు వేర్వేఱు పేటికలున్నట్లే పండుగకును ఒకటి కలదు. తెలుగువారి పండుగల విషయమున ఈ పేటికను నింపునప్పుడు కలుగు చిక్కులను విచారించి, దాని గుణదోషములను నిర్ణయించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఇంత స్వల్పమైన వస్తువునకు విమర్శ యేల యని కొందఱకు శంక కలుగవచ్చును. గడి చిన్నదే, కాని దానిని నింపువాడు పండుగను గుఱించి ఒక నిర్ణయము చేయుచున్నాడు. వ్యాసమును తుదిదాక చదువనివారును పేటికను చదువుదురు. జానపదవిజ్ఞానమున పరిశోధన కుపక్రమించు విద్యార్థి విషయసేకరణమున తఱచుగా మొదట చూచునది దీనినే. అచ్చటి యొక మాట సిద్ధాంతవ్యాసములోనికి, పాఠములోనికి, పిదప లోకవ్యవహారములోనికి నడచును. కావున గడిలో వ్రాయు రెండు మాటలకు, గ్రంథములో వ్రాయు రెండు పుటలకున్నంత బాధ్యత కలదు.

1. మూస

పేటికకు మాతృకయగు నమూనాకు తెలుగు వికీపీడియాలో 'మూస' యని పేరు. ఇది చక్కని మాట. మూస యనగా కంసాలి లోహమును కరగించు పాత్ర. పోతపోయు అచ్చునకును ఈ మాటనే వాడుదురు. 'మూసలో పోసినట్లు' అని లోకము పలుకునప్పుడు అందు పొందికయు ధ్వనించును, వైవిధ్యములేమియు ధ్వనించును. పేరులోనే గుణదోషములు రెండును ఇమిడియున్నవి.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరున ఆరంభమైనది. పండుగ మూస ఆంగ్ల వికీపీడియాలో రూపొందినది. అందలి ప్రధానమైన గడు లివి: పేరు, అధికారిక నామము, ఇతర నామములు, రకము, ఆచరించువారు, ప్రాముఖ్యము, ఆరంభము, ముగింపు, తేదీ, వ్యవధి, ఎన్నాళ్ళ కొకమాఱు, వేడుకలు, ఆచరణలు, సంబంధించిన పండుగలు, మొదటిసారి జరిగిన కాలము, ఆరంభించినవారు. ఇవికాక, క్రైస్తవారాధనలో ఆయా పర్వములకు విధింపబడిన వస్త్రవర్ణమును తెలుపుటకు గడి యొకటి కలదు. ఈ యొక్క గడిని చూచిన చాలును, మూస ఏ పర్వములను ఎదుట నుంచుకొని పుట్టినదో తెలియును. ఇది నింద కాదు. ఏ మూసయైనను చేసినవాని చేతనున్న లోహమునకు తగినట్లే యుండును.

పేటిక యను భావన మనకు క్రొత్తదియు కాదు. తిథి, వారము, నక్షత్రము, యోగము, కరణము అను నైదంగములతో ప్రతిదినమును నిరూపించు పంచాంగము గడుల పట్టికయే. ఐనను పంచాంగము వెనుక నిర్ణయశాస్త్ర మొకటి కలదు. తిథి రెండు దినములను తాకినప్పుడు పర్వ మేనాడు చేయవలెనన్న సందేహమును తీర్చుటకు 1612లో కమలాకరభట్టు నిర్ణయసింధువును, 1790లో కాశీనాథోపాధ్యాయుడు ధర్మసింధువును రచించిరి. గడి సంక్షేపము, శాస్త్రము దానికి హేతువు. వికీపేటికలో సంక్షేపము మాత్రమే మనకు వచ్చినది. హేతువును చెప్పుభారము నింపువానిపై పడినది.

ఇందలి గుణమును ముందు చెప్పుట న్యాయము. 1915లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదటి సంపుటమును వెలువరించిన ఆంధ్రవిజ్ఞానసర్వస్వము వ్యాసరూపమైనది. వ్యాసకర్త తన కిష్టమైనదానిని విస్తరింపవచ్చును. ఎఱుగనిదానిని మాటలాడక దాటవేయవచ్చును. పండుగనుగూర్చి నాలుగు పుటలు వ్రాసియు అది ఏ తిథినాడు వచ్చునో చెప్పని రచనలు మనకు లేకపోలేదు. పేటిక అట్లు దాటనీయదు, ప్రశ్న అడుగును. పది పండుగల పేటికలను వరుసగా నుంచిన, ఏది యెచ్చట భేదించుచున్నదో ఒక్కచూపున కానవచ్చును. తులనాత్మక పరిశీలనమున కిది మేలైన సాధనము. అడుగు ప్రశ్న సరియైనదా, చెప్పు జవాబు ఆ గడిలో పట్టునా యనునదే మా విచారము.

2. పండుగయు సెలవును

మూసకు ఆధారమైన ఆంగ్లపదము 'హాలిడే'. పవిత్రదినము అను అర్థమున పుట్టి, పనిలేని దినము అను అర్థమునకు వ్యాపించిన మాట యది. ఆ రెండర్థములును నేడును అందు కలసియే యున్నవి. తెలుగున నట్లు కాదు. పండుగ వేఱు, సెలవు వేఱు. పండుగలోను పర్వము, వ్రతము, నోము, జాతర, తిరునాళ్ళు, ఉత్సవము అని వ్యవహారభేదములు గలవు. వరలక్ష్మీవ్రతము ఇంటిలో ముత్తైదువలు చేయునది. దానికి స్థలము గృహము. జాతరకు స్థలము ఊరు, లేదా అడవి. ఆ స్థలమునుండి విడదీసిన అది జాతర కాదు. తిరునాళ్ళకు దేవాలయము మూలము. సంక్రాంతికి స్థలనియమము లేదు.

మూసలో 'ఎచ్చట' యను ప్రశ్నకు ప్రత్యేకమైన గడి లేదు. 'ఆచరించువారు' అను గడిలోనే దేశము పేరో, రాష్ట్రము పేరో చేర్చుట పరిపాటి. మేడారపు జాతరను 'తెలంగాణ ప్రజలు' ఆచరింతురని వ్రాసిన, తప్పనుటకు వీలులేదు. కాని చెప్పవలసిన ముఖ్యాంశమే చెప్పినట్లు కాదు. ఆ జాతర మేడారమున జరుగును. కోయల సంప్రదాయమున జరుగును. దాని పూజారులు ఆ తెగవారు. ఈ మూడంశములును ఏ గడిలోను తమంత తాము చేరవు. నింపువాడు బుద్ధిపూర్వకముగా చేర్పవలెను.

3. తేదీ గడి

ఈ పేటికలో అన్నిటికంటె ప్రమాదకరమైనది తేదీ గడి. ఉగాది చైత్రశుద్ధ పాడ్యమి. ఇది 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చినది. ఇచ్చట తిథి స్థిరము, తేదీ చరము. కావున తిథిని స్వరూపముగాను, తేదీని ఆ యేటి ఉదాహరణముగాను వ్రాయవలెను. ఇంతవఱకు చిక్కు లేదు.

చిక్కు చైత్రమను పేరులోనే కలదు. భారతప్రభుత్వము 1957 మార్చి 22 నుండి అమలుపఱచిన రాష్ట్రీయ పంచాంగములోను చైత్రమాసము కలదు. అది సౌరమాసము, సామాన్యవర్షమున మార్చి 22న, లీపు సంవత్సరమున మార్చి 21న ఆరంభమగును. ఉగాది గణనకు వచ్చునది చాంద్రమానచైత్రము. 2023లో రాష్ట్రీయ పంచాంగపు చైత్రము 1వ తేదీయు, ఉగాదియు ఒకేదినమున పడినవి. ఆ యొక్క సంవత్సరమును చూచి 'చైత్రము 1' అని గడి నింపినవాడు, 2024లో మార్చి 21కిని ఏప్రిల్ 9కిని నడుమ పందొమ్మిది దినముల దూరమున తప్పిపోవును.

ఇంతకంటె సూక్ష్మమైనది మాసాంతభేదము. తెలుగువారు అమాంతమానము ననుసరింతురు. మాసము అమావాస్యతో ముగియును. ఉత్తరదేశమున పూర్ణిమాంతమానము; అచ్చట మాసము పూర్ణిమతో ముగియును. శుక్లపక్షమున మాసనామ మిరువురకు నొకటియే. కృష్ణపక్షమున వారికి ఒక మాసము ముందు. మనకు దీపావళి ఆశ్వయుజ బహుళ అమావాస్య. వారికి కార్తిక అమావాస్య. మన శ్రావణ బహుళాష్టమి కృష్ణజయంతి వారికి భాద్రపదమున వచ్చును. మన మాఘ బహుళ చతుర్దశి శివరాత్రి వారికి ఫాల్గుణమునది. ఆకాశమున చంద్రు డొక్కడే, దినమును ఒక్కటే; పేరు మాత్రము వేఱు. హిందీ పేటికనుండి మాటకు మాట తెచ్చి, తెలుగు పేటికలో దీపావళి 'కార్తిక అమావాస్య' యని వ్రాసినచో అనువాదము శుద్ధము, అర్థ మశుద్ధము. తెలుగు పాఠకునకు కార్తిక అమావాస్య యనగా నెల దినముల తరువాతిది, పోలిస్వర్గమునకు ముందునాడు.

తిథి తెలిసినను దినము తేలదు. ఉగాదికి సూర్యోదయమున పాడ్యమి యుండవలెను; శ్రీరామనవమికి మధ్యాహ్నమున నవమి; దీపావళికి ప్రదోషమున అమావాస్య; శివరాత్రికి అర్ధరాత్రమున చతుర్దశి. 2024లో అమావాస్య అక్టోబరు 31 అపరాహ్ణమున ప్రవేశించి నవంబరు 1 సాయంకాలమున ముగిసినది. ఫలితముగా తెలుగు రాష్ట్రములలో అక్టోబరు 31నను, దేశమున మఱికొన్నియెడల నవంబరు 1నను దీపావళి జరిగినది. ఆ యేటి గడిలో ఒక తేదీ మాత్రమే వ్రాసి ఊరకుండుట సంక్షేపము కాదు, ఒక పక్షమును త్రోసివేయుట.

సౌరమానపర్వమైన సంక్రాంతి విషయమున నీ చిక్కులు లేవని తలంతుము. జనవరి 14 లేక 15 అని వ్రాసిన నేటికి సరియే. కాని 1863లో మకరసంక్రాంతి జనవరి 12న వచ్చినది. వివేకానందస్వామి జననదిన మదియే. మన గణనలోని నిరయన సంవత్సరము గ్రెగోరియన్ సంవత్సరముకంటె సుమారు ఇరువది నిమిషములు పెద్దది. డెబ్బదియేండ్లకు దాదాపు ఒక దినము జరుగును. కావున 'ప్రతియేట నొకేతేదీ' యను వర్గములో సంక్రాంతిని చేర్చుటయు పూర్ణసత్యము కాదు. 'సూర్యుడు మకరమున ప్రవేశించు దినము. ఇప్పటి కాలమున జనవరి 14 లేక 15' అని వ్రాసిన రెండును నిలుచును.

హిజ్రీ గణనలో సంవత్సరము సుమారు 354 దినములు. 2000 సంవత్సరమున రంజాన్ పండుగ జనవరిలో నొకమాఱు, డిసెంబరులో నొకమాఱు వచ్చినది. సంవత్సరమున కొక్క తేదీనే యడుగు గడి యిట్టి యేట ఏమి చేయును? నింపువాడు రెండింటిని వ్రాయుటకు జంకరాదు.

4. వ్యవధి, ఆవృత్తి

బతుకమ్మ తొమ్మిదినాళ్ళ పండుగ యని వ్యవధి గడిలో సులభముగా వ్రాయవచ్చును. అది భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై ఆశ్వయుజ శుద్ధాష్టమినాడు సద్దుల బతుకమ్మతో ముగియును. కాని ఆఱవనాటిది అలిగిన బతుకమ్మ. ఆనాడు బతుకమ్మను పేర్చరు. తొమ్మిదినాళ్ళలో నొకనాడు పండుగ చేయకుండుటయే పండుగలోని భాగము. అంకె తొమ్మిది యని చెప్పును, అలుకను చెప్పలేదు. మఱియు కొన్ని యూళ్ళలో ఏడవనాడే సద్దులు జరుగుట కలదు. పేటికలోని తొమ్మిది యను అంకెను చదివి ఆ యూరికి పోయిన విద్యార్థి, అచ్చటివారే పండుగను తప్పుగా చేయుచున్నారని తలంచినచో, దోషము పేటికది.

బోనాల విషయము వేఱొక రీతిది. మూసలో 'మాసము, వారము, ఎన్నవది' యను మూడు గడులు గలవు. అమెరికాలో నవంబరు నాలుగవ గురువారమున జరుగు కృతజ్ఞతాదినము వంటివాని కవి యేర్పడినవి. బోనాలకును వారనియమము కలదు. కాని మాసము ఆషాఢము. చాంద్రమాసమును వారముతో ముడివేసిన యీ పద్ధతికి గడి లేదు. అదిగాక అది యొకనాటితో తీరదు. గోలకొండలో మొదలై, సికింద్రాబాదు ఉజ్జయినీ మహాకాళి కడకు, ఆపైన లాల్‌దర్వాజకు ఆదివారము వెంట ఆదివారముగా సాగును. 2024లో గోలకొండ బోనాలు జులై 7న మొదలయ్యెను. సికింద్రాబాదులో జులై 21న, లాల్‌దర్వాజలో జులై 28న జరిగెను. 'ఆరంభము', 'ముగింపు' అను గడులలో జులై 7, జులై 28 అని మాత్రము వ్రాసిన, నగరమంతయు నెలనాళ్ళొకే పండుగలో నున్నదను భ్రాంతి కలుగును. ఇది ఊరేగు పండుగ. దానికి కావలసినది తేదీల జంట కాదు, స్థలముల వరుస.

మేడారము జాతర రెండేండ్ల కొకమాఱు, మాఘపూర్ణిమ ప్రాంతమున, బుధవారము మొదలు నాలుగునాళ్ళు జరుగును. 2022లో ఫిబ్రవరి 16న, 2024లో ఫిబ్రవరి 21న ఆరంభమైనది. ఆవృత్తి గడికి జవాబు స్పష్టమే. ఆచరణల గడిలో మాత్రము జాగ్రత్త కావలెను. అచ్చట భక్తులు సమర్పించు 'బంగారము' బెల్లము. జాతరభాషను వివరింపక 'బంగారము సమర్పింతురు' అని వ్రాసినచో, దూరదేశపు పాఠకుడు దానిని స్వర్ణముగానే గ్రహించును. ఒక్కమాట చేర్చిన తీరు దోష మిది, చేర్పకున్న తీరనిది.

5. రకమును, ఆచరించువారును

మూసలో 'రకము' అను గడికి వర్ణము ముడివడియున్నది. హిందూ, ఇస్లాం, క్రైస్తవ, జాతీయ మున్నగు పేర్లలో నొకటి వ్రాయగనే పేటిక శిరస్సున కొక రంగు వచ్చును. ఒక పేటిక కొక్క రంగు. నెల్లూరి బారాషహీద్ దర్గాకడ మొహరమున జరుగు రొట్టెల పండుగకు ఏ రంగు నిత్తుము? అచ్చట స్వర్ణాలచెఱువులో కోరిక తీరినవారు రొట్టె నిత్తురు, కోరిక గలవారు పుచ్చుకొందురు. ఇచ్చువారిలోను పుచ్చుకొనువారిలోను హిందువులు గలరు, ముస్లిములు గలరు. అనంతపురముజిల్లా గూగూడున కుళ్ళాయిస్వామి పేర జరుగు పీర్లపండుగయు నిట్టిదే. తెలంగాణపల్లెలలో పీర్ల నెత్తుకొనువారిలో, ఆలావు చుట్టు ఆడువారిలో హిందువులు తఱచు.

'రకము: ఇస్లాం, ఆచరించువారు: ముస్లిములు' అని వ్రాయుట గ్రంథస్థమైన మొహరమునకు తగును, పీర్లపండుగకు తగదు. పుట్టుకనుబట్టి రకమును, నడచు తీరునుబట్టి ఆచరించువారిని వ్రాయుట మాకు యుక్తమని తోచుచున్నది. రెండు గడులును ఒకే జవాబు చెప్పవలెనను నియమ మేదియు లేదు. అవి భేదించినచోటనే ఆ పండుగ విశేషము తెలియును. ఆ భేదమును చెఱిపి గడులను పొందించుట, పల్లెలోని సత్యమును పట్టికకొఱకు కోసివేయుట యగును. ఇందులో నష్టపడువారు, తాము చేయు పండుగనుండి పేటికచే వెలివేయబడిన మనుష్యులు.

6. ఆరంభించినవారు

ఈ మూసలోని గడులన్నియు ఏ లోటును లేక నిండు దినములు గలవు. తెలుగుభాషాదినోత్సవము చూడుడు: ఆగస్టు 29, గిడుగు రామమూర్తిగారు 1863లో జన్మించిన దినము. తెలంగాణభాషాదినోత్సవము: సెప్టెంబరు 9, కాళోజీ 1914లో జన్మించిన దినము, 2014లో రాష్ట్రప్రభుత్వము ప్రకటించినది. తెలంగాణ అవతరణదినము: జూన్ 2, 2014. ఇచ్చట తేదీ కలదు, హేతువు కలదు, ఆరంభకాలము కలదు. మూస ఎవరి కొఱకు కుట్టిన చొక్కాయో ఇప్పుడు స్పష్టము. ప్రభుత్వము ప్రకటించిన దినమునకు అది సరిపోవును. ఐనను ఇందును కాలభేదము మఱువరాదు. నవంబరు 1 ఆంధ్రప్రదేశ్ అవతరణదినము, 1956. కాని 2014 తరువాత కొన్నియేండ్లు ప్రభుత్వపక్షమున అది జరుగలేదు, 2019లో తిరిగి జరిగినది.

బతుకమ్మకు 'ఆరంభించినవారు' ఎవరు? పేరు తెలియని స్త్రీలు. 'మొదటిసారి' యెప్పుడు? తంగేడు, గునుగు పూచిన యేదో యొక యాశ్వయుజమున. 2014లో రాష్ట్రప్రభుత్వము దీనిని రాష్ట్రపండుగగా ప్రకటించినది. ఆ సంవత్సరము 'అధికారికగుర్తింపు'నకు చెందును గాని 'మొదటిసారి'కి చెందదు. గడి ఖాళీగా నుండుట కనుల కింపుగా నుండదు. ఆ యింపుకొఱకు 2014 అని వ్రాసినవాడు పండుగకు జన్మసంవత్సరము కల్పించినవాడగును. స్థలపురాణములోని రాజు పేరు వ్రాసినవాడు కథను చరిత్రగా చేసినవాడగును. కథను 'ప్రాముఖ్యము'న కథగానే చెప్పవచ్చును. ఆరంభకుని గడిని విడిచిపెట్టుటయే ధర్మము.

7. పూర్వపక్షము, సిద్ధాంతము

పేటిక సంక్షేపమే గదా, వివరము క్రింది వ్యాసమున నుండును గదా యని పూర్వపక్షము. పేటిక వ్యాసముతో కలసియున్నంతవఱకు ఈ మాట కొంత నిజము. కాని పేటిక వ్యాసమును విడిచి పోవుచున్నది. 2007నుండి డీబీపీడియా వికీపీడియా పేటికలలోని విషయములను యంత్రములు చదువదగిన రూపమున వేఱుపఱచుచున్నది. 2012లో ఆరంభమైన వికీడేటా అన్ని భాషల వికీలకు ఉమ్మడి గడుల భాండారము. యంత్రము గడిని గ్రహించును. గడిక్రింది వివరణను గ్రహించునను నమ్మకము లేదు. వ్యాసమున 'కొందఱు', 'తఱచు', 'ఇప్పటి కాలమున' అను మాటలు సత్యమును కాపాడును. గడిలో ఆ మాటలు రాలిపోవును. కావున వివరము వ్యాసమున నున్నదను సమాధానము చాలదు. ఏ నియమము లేనిదే జవాబు సత్యము కాదో, ఆ నియమము గడిలోనే యుండవలెను.

ఇందువలన తేలిన సూత్రములను సంగ్రహించుచున్నాము. తిథిని చెప్పునప్పుడు అమాంతమానమని సూచింపవలెను. తేదీని సంవత్సరముతో కూడ వ్రాయవలెను. దినభేదమున్న యేట రెండు దినములను చూపవలెను. స్థలాశ్రితమైన పండుగకు స్థలమును ఆచరించువారి గడిలోనైనను చెప్పవలెను. రకమును, ఆచరించువారిని వేర్వేఱు ప్రమాణములతో నిర్ణయింపవలెను. ప్రభుత్వప్రకటనను పండుగ పుట్టుకగా వ్రాయరాదు. అన్య భాషాపేటికనుండి మాసనామములను సరిచూడక తేరాదు. జవాబు లేని గడిని ఖాళీగా విడువవలెను. ఖాళీ గడి పరిశోధకునకు ప్రశ్న నిచ్చును. అసత్యముతో నిండిన గడి ఆ ప్రశ్నను చంపివేయును.

మూసను పూర్తిగా త్యజింపుడని మా మతము కాదు. స్థలమునకును, తిథినిర్ణయకాలమునకును రెండు గడులు తెలుగు మూసలో చేర్చినచో పై దోషములలో పెక్కు తొలగును. మూసలు మార్పునకు లోబడినవే. అంతవఱకు నింపువాని వివేకమే శరణ్యము. నిర్ణయసింధుకారుడు తిథిని నిర్ణయించునప్పుడు చూపిన శ్రద్ధలో కొంతయైనను, తన యూరి పండుగను గడిలో వ్రాయు విద్యార్థి చూపవలెను. అట్లు చూపుటకు ముందు ఆ పండుగను చేయువారిని అడుగవలెను. మన శాఖలలోని జానపద పరిశోధకులు తమ క్షేత్రకార్యములో సేకరించిన విషయముతో ఒక్కొక్క పేటికను సరిచూచినను, అది లోకమునకు మేలైన సేవ యగునని మా విశ్వాసము.